రాదని తేల్చే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

లండన్‌లో ఫీజుల మీద నడిచే ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పబోతున్నావు. అలాంటి బడులకు ఏటా మంచి ఫలితాలు రావడం చూసి, మగపిల్లలు లేకపోవడమే కారణమనేవాళ్లు ఉన్నారమ్మా. నేనలా అనుకోను. ఒక పిల్లకు ఫలానా విద్య అబ్బదని తేల్చే ముందు, దాన్ని మనం సరిగా నేర్పామా అని అడిగే అలవాటే ఆ బడుల అసలు బలం. అది పోయిన నాడు మిగిలేది ఖరీదైన భవనమే.

దీనికి చరిత్రే సాక్ష్యం. ఫ్రాన్సెస్ మేరీ బస్ 1850లో కామ్డెన్ టౌన్‌లో నార్త్ లండన్ కాలేజియేట్ స్కూల్ పెట్టింది. అప్పటిదాకా అబ్బాయిలే రాసే కేంబ్రిడ్జి లోకల్ పరీక్షలకు 1863లో ఆడపిల్లల్నీ ప్రయోగంగా కూర్చోనిచ్చారు. బస్ తన విద్యార్థినుల్ని పంపింది. రాసిన పెద్దపిల్లల్లో చాలామంది లెక్కల్లో తప్పారు. ఆడవాళ్లకు అంకెలు తలకెక్కవనేవారికి అంతకంటే ఏం కావాలి? బస్ మాత్రం పిల్లల్ని తప్పుపట్టలేదు, తన బడిలో లెక్కలు చెప్పే తీరును మార్చింది. 1865లో శాశ్వత అనుమతి వచ్చేసరికి లెక్కల్లో తప్పేవాళ్లు బాగా తగ్గారు. రెండేళ్లలో పుట్టుక మారదు, బోధన మారుతుంది. 1858లో చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీ బాధ్యత తీసుకున్న డొరొథియా బీల్‌కు ఆడపిల్లలకు సైన్సు చెబితే ఎలా అన్న తల్లిదండ్రుల భయం అడ్డొచ్చింది. అందుకే ఆమె సైన్సును భౌతిక భూగోళం పేరుతో మొదలుపెట్టింది. 1868లో వెలువడిన బడుల విచారణ సంఘం నివేదిక కూడా, ఆడపిల్లల చదువులో పునాది, లోతు లేవంటూనే, నేర్చుకునే శక్తి ఆడ, మగపిల్లలిద్దరిలోనూ దాదాపు ఒకటేనని ఒప్పుకుంది.

ప్రవేశ పరీక్షతో ఏరి, ఉన్నవాళ్ల పిల్లల్ని చేర్చుకుంటే ఎవరైనా ఫలితాలు చూపిస్తారన్నది బలమైన అభ్యంతరం. అందులో నిజముంది. అయితే 2012లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఇంగ్లండులో ప్రభుత్వ నిధులతో నడిచే బడుల గణాంకాలు చూసింది. మగపిల్లలతో కలిసి చదివే బడుల అమ్మాయిలకంటే, ఆడపిల్లల బడుల నుంచి వచ్చినవాళ్లు బడి చదువు చివరి దశ అయిన ఏ-లెవెల్‌లో ఫిజిక్స్ తీసుకునే అవకాశం దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. అంటే ఫీజు ఒక్కటే కారణం కాదు. అలాగని మగపిల్లల్ని వేరుచేయడమే మందని కూడా దీనితో రుజువు కాదు, ప్రభుత్వ బడుల్లోనూ ఏరి చేర్చుకునేవి ఉన్నాయి. 2011లో ఆ కలిసి చదివే బడుల్లో దాదాపు సగం నుంచి ఒక్క అమ్మాయి కూడా ఫిజిక్స్‌కు పోలేదని అదే నివేదిక చెప్పింది. మిగతా సగం నుంచి పోయారు కదా! ఆడపిల్ల ఫిజిక్స్ తీసుకోవడం ఎక్కడ మామూలు విషయమో, అక్కడ తీసుకుంటోంది. ఆడపిల్లల బడికి ఆ వాతావరణం తేలిక, మిగతా బడులకు అసాధ్యమేమీ కాదు. రేపు మగవాళ్ల మధ్య ఎలా నెగ్గుకొస్తారన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది. విషయం మీద పట్టున్న పిల్ల ఎవరి మధ్యనైనా నోరు విప్పుతుంది.

కాబట్టి ముందు వరుసలో చేతులెత్తే పిల్లల్ని చూసి నీ పని బాగుందనుకోకు. వాళ్లను ప్రవేశ పరీక్షే ఏరిపెట్టింది. తప్పు జవాబిచ్చిన పిల్లను ఎలా చేశావో చెప్పమని అడుగు, ఆమె ఆలోచన ఎక్కడ దారి తప్పిందో వెతుకు. నాకు లెక్కలు రావు అన్న మాటను ఏ పిల్ల నోటా తీర్పుగా ఒప్పుకోకు. అక్కడి మన తెలుగు తల్లిదండ్రులు ర్యాంకు గురించి అడిగితే, మార్కుతోపాటు వాళ్లమ్మాయికి ఏది అర్థమైందో, ఏది కాలేదో కూడా చెప్పు. చివరి బల్ల మీది పిల్ల ఏడాది చివర ఎంత ముందుకొచ్చిందన్నదే నీ బోధనకు కొలత.

ఆశీస్సులతో,
మీ పెద్ద మావయ్య