ఓడ ఎక్కిన రేషన్ బియ్యం

రేషన్ షాపులో దొడ్డు బియ్యం ఇచ్చే రోజులు. యాప్రాల్ గల్లీలోకి ఒక బండి వచ్చింది. "రేషన్ బియ్యం కొంటం" అని కేక. కొందరు సంచులు తెచ్చి అమ్మారు. "ఈ బియ్యం ఎటు పోతయ్ అన్నా?" అని ఒకామె అడిగింది. "నీకెందుకమ్మా!" అని అతను తూకం వేసుకుని పోయాడు.

ఇలాంటి బియ్యం ఎంత దూరం పోతుందో 2024 నవంబరులో కాకినాడలో బయటపడింది.

కాకినాడ దగ్గర కొన్ని పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. సముద్రంలో దూరంగా ఆగుతాయి. బార్జీలు అనే పడవల్లో సరుకు తీసుకుపోయి వాటికి ఎక్కిస్తారు. అలా ఒక ఓడ ఆగి ఉంది. దాని పేరు స్టెల్లా ఎల్. దాని మీద పనామా దేశం జెండా ఉంది. అది ఆఫ్రికాకు పోవాలి. జిల్లా కలెక్టరు తనిఖీ చేస్తే అందులో రేషన్ బియ్యం కనబడింది. నవంబరు 29న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ రేవుకు వచ్చారు. ఓడను సీజ్ చేయమన్నారు.

పరాయి దేశం ఓడను మనం ఆపవచ్చా?

ఆపవచ్చు. ఒడ్డు నుంచి దాదాపు 22 కిలోమీటర్ల దాకా సముద్రం మన దేశానిదే. మన రేవుకు వచ్చిన సరుకు ఓడ మన చట్టానికి లోబడాలి. కాని ఎవరు పడితే వారు ఆపలేరు. దొంగ సరుకు పట్టుకునే అధికారం కస్టమ్స్ వాళ్లకు ఉంది. వాళ్లు కేంద్ర ప్రభుత్వం మనుషులు. బాకీ, జీతం, నష్టం తగాదా అయితే హైకోర్టు ఓడను ఆపమంటుంది. దీనికి 2017లో చట్టం చేశారు.

ఇంకో చిక్కు ఉంది. బస్సులో ఒకడి సంచిలో దొంగ సొమ్ము దొరికిందనుకుందాం. సంచి పట్టుకుంటారు. బస్సును నెలల తరబడి ఆపితే మిగతావాళ్ల గతి ఏమిటి? ఓడ ఒకరిది, బియ్యం వేరొకరిది. ఆగిన ప్రతి రోజూ ఖర్చే. అన్యాయంగా ఆపారనిపిస్తే జెండా దేశం మన దేశాన్ని అడుగుతుంది.

అలాంటి తగాదా ఎంత ముదురుతుందో 2012లో తెలిసింది. కేరళ తీరం దగ్గర ఇటలీ ఓడ మీది సైనికులు కాల్చారు. ఇద్దరు జాలరులు చనిపోయారు. ఓడను కొచ్చి రేవుకు రప్పించారు. రెండు దేశాల తగవు 2021 దాకా సాగింది. ఇటలీ 10 కోట్ల రూపాయలు పరిహారం కట్టింది.

కాకినాడలో అంత దూరం పోలేదు. అధికారులు ఓడలోని బియ్యాన్ని పరీక్ష చేశారు. అప్పటి రేషన్ బియ్యంలో విటమిన్లు కలిపిన గింజలు ఉండేవి. ప్లాస్టిక్ బియ్యమని మనలో కొందరు ఏరి పారేసేవి అవే! అవి ప్లాస్టిక్ కావు. రేషన్ బియ్యాన్ని పోల్చుకోవడానికి అవి గుర్తుగా ఉండేవి. చివరికి 1,320 టన్నులు రేషన్ బియ్యమని తేల్చారు. దాన్ని దింపించారు. 2025 జనవరిలో ఓడ వెళ్లిపోయింది.

ఆ బియ్యం ఏ ఇంటివో గింజ మీద రాసి ఉండదు. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. తూకం తగ్గినా, బియ్యం పక్కదారి పట్టినా 1967 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు.