రక్షణకు ఎవరు బదులు చెప్పాలి?

శ్రావణీ,

నేరం చేసినవాణ్ణి దౌత్యవేత్త అన్న ఒక్క కారణంతో వదిలేయడం ఏం న్యాయం మామయ్యా అని రాశావు. కోపం సబబే గానీ, అది తగలాల్సిన చోటు వేరు. 1984 ఏప్రిల్ 17న లండన్‌లో లిబియా రాయబార కార్యాలయం కిటికీలోంచి వచ్చిన తూటాకు ఇవోన్ ఫ్లెచర్ అనే మహిళా కానిస్టేబుల్ చనిపోయింది. పోలీసులు భవనాన్ని చుట్టుముట్టారే తప్ప గడప దాటలేదు. పది రోజుల తర్వాత లోపలివాళ్ళు బయటికొచ్చి విమానం ఎక్కారు. వాళ్ళ దౌత్య సంచులను ఎవరూ విప్పి చూడలేదు. పైకి ఇది చేతగానితనంలాగే కనిపిస్తుంది. కానీ ట్రిపోలీలో బ్రిటన్ రాయబార కార్యాలయాన్ని కూడా అప్పటికే సాయుధులు చుట్టుముట్టారు. ఇక్కడ తలుపు పగిలితే అక్కడా పగులుతుంది. దౌత్యవేత్తలకు రక్షణ ఇచ్చే 1961 వియన్నా ఒప్పందానికి అసలు బలం ఈ భయమే. పైగా తప్పుచేసిన దౌత్యవేత్తను వెళ్ళగొట్టే హక్కు ఆతిథ్య దేశానికి ఉంది. అతనికి కోర్టుల నుంచి ఉన్న రక్షణను వదులుకునే హక్కు పంపిన దేశానికి ఉంది. పదిహేనేళ్ళు ఆలస్యమైనా, 1999లో లిబియా బాధ్యత ఒప్పుకుని పరిహారం కట్టింది.

ఇప్పుడు ఐక్యరాజ్యసమితిని చూడు. దానికి ఆ ఎదురు భయం లేదు. బాధితుడు వెళ్ళి తలుపు తట్టడానికి దానికి సొంత దేశమూ, కోర్టూ లేవు. సమితికి రక్షణ ఇచ్చిన 1946 ఒప్పందం రాసినవాళ్ళు ఇది ఎరుగుదురు. అందుకే రెండో సెక్షన్‌లో కోర్టుల నుంచి రక్షణ ఇచ్చి, 29వ సెక్షన్‌లో ఫిర్యాదులు తేల్చే వేరే ఏర్పాటు చేసి తీరాలన్నారు. హైతీలో 2010 అక్టోబరులో సమితి శాంతి సైనికుల శిబిరం మురుగు నదిలో కలిసి కలరా పుట్టింది, వేలమంది పోయారు. బాధితులు అర్జీ పెట్టుకుంటే, ఇది స్వీకరించదగింది కాదని 2013లో సమితి తోసిపుచ్చింది. న్యూయార్క్‌లో కేసు వేస్తే, 29వ సెక్షన్ పాటించకపోయినా రెండో సెక్షన్ చెల్లుతుందని 2016లో అప్పీలు కోర్టు తేల్చింది. అద్దె కట్టకపోయినా ఇల్లు ఖాళీ చేయక్కర్లేదన్నట్టుంది తీర్పు!

కోర్టులకు అప్పగిస్తే ప్రతి దేశమూ కేసులతో సమితిని పీడిస్తుంది, శాంతి దళాలకు సైనికుల్ని ఎవరూ పంపరు అంటావేమో. నిజమే, కోర్టు తలుపులు తెరవమని నేనూ అనను. తెరిచినా ఒరిగేది తక్కువ. గుజరాత్‌లోని ముంద్రా విద్యుత్ కేంద్రానికి అప్పిచ్చిన అంతర్జాతీయ ఆర్థిక సంస్థ మీద అక్కడి జాలర్లు, రైతులు అమెరికాలో దావా వేశారు. ఆ సంస్థకు సంపూర్ణ రక్షణ లేదని 2019లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అయినా వ్యవహారం అసలు జరిగింది ఇండియాలో కదా అంటూ కింది కోర్టులు దాన్ని కొట్టేశాయి. కావలసింది 29వ సెక్షన్ అడిగిన ఏర్పాటే, అదేమీ కొత్త కోరిక కాదు. సమితి ఒకర్ని, ప్రభుత్వం ఒకర్ని, ఇద్దరూ కలిసి అధ్యక్షుణ్ణి ఎంచుకుని పరిహార కమిషన్ పెట్టాలని హైతీతో 2004లో కుదిరిన ఒప్పందంలో రాసే ఉంది. ఆ కమిషన్‌ను ఒక్కసారైనా ఏర్పాటు చేయలేదు.

నీ మామయ్య