నల్లగాజు రాయి దొరికిందా? టెక్టైట్‌ను గుర్తుపట్టడం ఎలా?

బస్తర్‌లోని జగర్గుండా వైపు వాగు ఒడ్డున నడుస్తుంటే నల్లగా, నిగనిగలాడుతూ ఓ రాయి కంటపడిందనుకోండి. పిడుగు రాయి అనో, ఆకాశం నుంచి పడిందనో వెంటనే అనిపిస్తుంది. ఆ ఉత్సాహం మంచిదే. నిలబడి చూసే అలవాటే ఎవరినైనా సేకర్తను చేస్తుంది. అయితే జేబులో వేసుకునే ముందు కొన్ని పరీక్షలు చేయాలి. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, అయస్కాంతం, టార్చిలైటు, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే చాలు.

1. ముందు పుట్టుక తెలుసుకోండి

పెద్ద గ్రహశకలం భూమిని ఢీకొన్నప్పుడు ఆ వేడికి నేల కరిగి, చుక్కలు చుక్కలుగా ఎగిరి, గాలిలోనే గడ్డకట్టి దూరంగా పడుతుంది. ఆ గాజునే టెక్టైట్ అంటారు. అంటే అది ఆకాశపు రాయి కాదు, ఆకాశం దాకా ఎగిరొచ్చిన మన మట్టే. సుమారు 7,90,000 ఏళ్ల కిందటి ఒక్క ఢీతో పుట్టిన గాజు వియత్నాం, థాయ్‌లాండ్ నుంచి ఆస్ట్రేలియా దాకా చెదిరిపడింది. చెక్ దేశపు ఆకుపచ్చ టెక్టైట్ అయిన మోల్డవైట్ జర్మనీలోని రీస్ ఉల్కాబిలం ఏర్పడినప్పటిది. దాని వయసు దాదాపు కోటీ 48 లక్షల ఏళ్లు.

2. చిట్టెం కాదని తేల్చుకోండి

బస్తర్ ఇనుముకు పుట్టిల్లు. బైలడిలా కొండలు ఈ ప్రాంతానివే. పెద్ద కర్మాగారాలు రాకముందే ఇక్కడివాళ్లు బొగ్గుల కొలిమిలో తిత్తులూది, ఖనిజం కరిగించి ఇనుము తీసేవారు. అలా మిగిలిన చిట్టెం కూడా నల్లగా, గాజులా, బుడగలతో ఉంటుంది. తెలంగాణలోని పాత కొలిముల దగ్గరి చిట్టెపు దిబ్బల్లోనూ ఇదే కనిపిస్తుంది. కాబట్టి అయస్కాంతం పెట్టి చూడండి. లాగితే అది టెక్టైట్ కాదు. లాగకపోయినా అప్పుడే సంబరపడకండి, అయస్కాంతానికి అంటని చిట్టెం కూడా ఉంటుంది.

3. అంచుకు వెలుతురు పట్టండి

రాయి పలుచటి అంచు వెనక టార్చి పెట్టండి. ఆగ్నేయాసియా టెక్టైట్ పైకి కారునలుపు. వెలుతురు దూరితే మాత్రం అంచు ముదురు గోధుమరంగులోకి తిరుగుతుంది. పైచర్మం మీద చిన్న చిన్న గుంటలు, గాట్లు కనిపిస్తాయి. భూతద్దంలో బుడగలు, కరిగి పారినట్టు చారలు కనిపిస్తాయి. స్ఫటికాలు కనిపిస్తే అనుమానించాలి.

4. నీళ్లలో తూచండి

ముందు రాయిని పొడిగా తూచండి. తర్వాత కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. పొడి రాయి 12 గ్రాములుండి, కాటా 5 చూపితే సాంద్రత 2.4. టెక్టైట్లు సాధారణంగా 2.3 నుంచి 2.5 మధ్య ఉంటాయి. 3 దాటితే చిట్టెమే అయివుండొచ్చు. సీసా గాజు 2.5 దగ్గరే తూగుతుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకండి. అనుమానం మిగిలితే విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర విభాగంలో చూపించండి.

5. మొదటిది నల్లదే కొనండి

కొనాలనుకుంటే థాయ్‌లాండ్ లేదా వియత్నాం నల్ల టెక్టైట్‌తో మొదలుపెట్టండి. అవి విరివిగా దొరుకుతాయి, ధరా తక్కువే. మోల్డవైట్‌కు గిరాకీ ఎక్కువ, నకిలీలూ ఎక్కువే. ఒకే అచ్చులో పోసినట్టున్న ముక్కలు, తడిసినట్టు మెరిసే పైభాగం కనిపిస్తే కొనకండి. అసలు మోల్డవైట్‌లో భూతద్దం కింద పురుగుల్లా మెలికలు తిరిగిన గాజు పోగులు కనిపిస్తాయి.

6. లోనార్‌లో ఏరకండి

మనకు దగ్గర్లో ఇలాంటి గాజును చూడాలంటే మహారాష్ట్ర బుల్ధానా జిల్లాలోని లోనార్‌కు వెళ్లాలి. నల్లరాతి నేలలో ఉల్క తవ్విన ఆ బిలం వెడల్పు దాదాపు 1.8 కిలోమీటర్లు. అక్కడ కరిగి గడ్డకట్టిన గాజు ముక్కలు, సన్నటి గాజు గోళీలు శాస్త్రవేత్తలకు దొరికాయి. అది అభయారణ్యం, 2020 నుంచి రామ్‌సర్ చిత్తడినేల కూడా. కళ్లారా చూడండి, ఫొటో తీసుకోండి, రాయి మాత్రం అక్కడే ఉంచండి.

7. చీటీ రాయండి

ప్రతి ముక్కనూ చిన్న డబ్బాలో పెట్టి, ఎక్కడ దొరికింది, ఎవరి దగ్గర కొన్నారు, ఏ తేదీ, ఎంత బరువు అన్నది చీటీ మీద రాయండి. చిట్టెమని తేలిన ముక్కనూ పారేయకండి. దానికీ ఊరి పేరు రాసి పెట్టండి. అది ఆ ఊరి కొలిమికి సాక్ష్యం. చీటీ పోతే ఎంత అరుదైన గాజైనా ఒట్టి నల్లరాయే. అందుకే మొదటి రాయి కన్నా ముందు ఒక నోటు పుస్తకం కొనుక్కోండి.