స్క్రూడ్రైవర్ కంటే ముందు కాగితం

తాండూరులో కూర్చుని సొంతంగా కంప్యూటర్ బిగించుకోవాలనుకునేవాళ్లకు మొదటి అడ్డంకి దూరం. తెలివితేటల సంగతి తర్వాత. విడిభాగాలన్నీ ఒకేచోట చూసి, బేరమాడి కొనాలంటే సికింద్రాబాద్ వెళ్లాలి. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. వికారాబాద్ వాళ్లకు కాస్త నయం. తాండూరు నుంచి నూరు కిలోమీటర్ల పైమాటే. పొద్దున రైలెక్కితే ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది. తీరా డబ్బాలన్నీ విప్పాక ఒక్క కేబుల్ తక్కువైందని తేలితే మరో రోజు వృథా. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా అంతే. తప్పు వస్తువు వస్తే వాపసు పంపి, కొత్తది వచ్చేదాకా గుమ్మంవైపు చూస్తూ కూర్చోవాలి.

హైదరాబాద్ కుర్రాడు మెట్రో ఎక్కి మధ్యాహ్నానికల్లా మార్చుకొస్తాడు. మీకు ఆ వెసులుబాటు లేదు. లేకపోవడమే మీకు లాభం అంటాను. దుకాణం వీధి చివర ఉన్నవాడు కొన్నాక ఆలోచిస్తాడు. నూరు కిలోమీటర్ల అవతల ఉన్నవాడు ఆలోచించాకే కొంటాడు. ఈ ఒక్క అలవాటు పట్టుబడితే చదువు ఎంచుకునేటప్పుడూ, ఉద్యోగం మారేటప్పుడూ, ఇల్లు కట్టేటప్పుడూ పనికొస్తుంది. కంప్యూటర్ దాన్ని చవగ్గా నేర్పుతుంది.

ముందే ఒక భ్రమ తీసేస్తాను. డబ్బు మిగులుతుందని ఈ పనికి దిగకండి. ఒకప్పుడు కంపెనీ కంప్యూటర్‌కూ అసెంబుల్డ్‌కూ ధరలో చాలా తేడా ఉండేది. చిన్న ఊళ్లలో కంప్యూటర్ అంటే అసెంబుల్డే. ఇప్పుడు మామూలు ఇంటి వాడకానికి ఆ తేడా పెద్దగా లేదు. పైగా 2025 చివరి నుంచి మెమరీ ధరలు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు ర్యామ్‌ను ఎగరేసుకుపోతుంటే ఆ సెగ మన సంచికీ తగిలింది. మరెందుకు బిగించుకోవడం? లోపల ఏముందో, ఏది ఎందుకుందో, చెడితే ఏది మార్చాలో మీకు తెలుస్తుంది. దానికోసం.

ఇక కాగితం తీయండి. పైన ఒకే ప్రశ్న రాయండి: ఈ యంత్రంతో రోజూ ఏం చేస్తాను? 'అన్నీ చేస్తాను' అని మాత్రం రాయొద్దు. అన్నీ చేసే కంప్యూటర్ కొనబోయి అప్పులపాలైనవాళ్లున్నారు. పప్పు మిల్లులో ట్యాలీ లెక్కలు రాసేవారికి గ్రాఫిక్స్ కార్డుతో పనేలేదు. మంచి ఎస్‌ఎస్‌డీ, నమ్మకమైన యూపీఎస్ చాలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఫొటో స్టూడియో అన్నకు ర్యామ్ ఎక్కువ కావాలి, ఫైళ్లు దాచుకోను పెద్ద డిస్కు కావాలి. కోడింగ్ నేర్చుకునే డిగ్రీ విద్యార్థికి మధ్యరకం ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉంటే దిగుల్లేదు. గేములు ఆడతానంటే అదీ నిజాయతీగా రాయండి, సిగ్గెందుకు? ఆన్‌లైన్ క్లాసుల పేరు చెప్పి ఇంట్లో గేమింగ్ కార్డు కొనిపించిన వీరులు మనకు కొత్త కాదు.

అవసరం ముందు, యంత్రం తర్వాత అనడానికి మన పక్కనే ఉదాహరణ ఉంది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ మొదలైంది. దానికి మూలపురుషుడు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఏఎస్ రావు నగర్ అని మనం రోజూ పలికే పేరు ఆయనదే. అణుశక్తి శాఖకు కావాల్సిన ఎలక్ట్రానిక్ పరికరాలను దేశంలోనే తయారుచేయాలన్న స్పష్టమైన అవసరం ముందుంది, సంస్థ ఆ తర్వాత వచ్చింది. టీడీసీ-12 లాంటి స్వదేశీ కంప్యూటర్లు అలాంటి అవసరంలోంచే పుట్టాయి. గొప్ప యంత్రం ఒకటి చేసేసి, ఇక దీన్నెక్కడ వాడదామని వాళ్లు వెతుక్కోలేదు.

రెండో ప్రశ్న: దేనికి ఏది పడుతుంది? కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ప్రాసెసర్ కూర్చునే చోటును సాకెట్ అంటారు. ఏఎమ్‌డీలో ఏఎమ్4కు చేసిన ప్రాసెసర్ ఏఎమ్5 బోర్డు మీద కూర్చోదు. డీడీఆర్4 ర్యామ్‌ను డీడీఆర్5 స్లాటులో పెట్టలేరు, గాడి ఉండే చోటే వేరు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర 'ఎఫ్' ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు పెట్టందే తెర మీద బొమ్మ రాదు. ఆ ఒక్క అక్షరం చూసుకోక మరో రైలు టికెట్ కొన్నవాళ్లు ఎంతమందో! ఏఎమ్‌డీ రైజెన్ 5600జీ లాంటి వాటిలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. పెద్ద బోర్డు కొని చిన్న క్యాబినెట్ తెస్తే పట్టదు. బండ కోసే ముందు కొలిచి గీత గీసుకున్నట్టు, డబ్బు తీసే ముందు ఈ నాలుగూ రాసుకుని సరిచూసుకోవాలి.

చైనావాడు చేసిన క్యాబినెట్‌లో తైవాన్ బోర్డు, దాని మీద కొరియా ర్యామ్, అన్నీ ఎలా అతుకుతున్నాయని ఎప్పుడైనా ఆలోచించారా? 1981 ఆగస్టులో ఐబీఎమ్ తన మొదటి పీసీని విడుదల చేసింది. గడువు తక్కువ కావడంతో బయట దొరికే భాగాలతోనే కట్టేసింది. ప్రాసెసర్ ఇంటెల్‌ది, డాస్ మైక్రోసాఫ్ట్‌ది. లోపలి వివరాలు కూడా అచ్చువేసి ఇచ్చింది. దాంతో వేరే కంపెనీలవాళ్లు అలాంటివే చేయడం మొదలెట్టారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణం తెచ్చింది. బోర్డు మీద స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలి, కరెంటు తీగ ఎలా తగలాలి అన్నది అందరికీ ఒకటే అయింది. ఇవాళ మీరు ఇంట్లో కూర్చుని బిగించగలుగుతున్నది ఆ ఒప్పందం పుణ్యమే.

కాగితం చేతిలో ఉంటే దుకాణంలో మీ మాటే మారుతుంది. "ఏం గావాలె తమ్మీ?" అంటే "మంచి కంప్యూటర్ కావాలన్నా" అన్నారో, ఆ రోజు అమ్ముడుపోని సరుకు మీ సంచిలో పడుతుంది. "అన్నా, ఈ బోర్డు పాత స్టాకా? బయోస్ ఏ వెర్షన్ ఉంది? ఈ ప్రాసెసర్‌ను గుర్తుపడ్తదా?" అని అడిగి చూడండి. అవతలి మనిషి కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. గొంతు పెంచక్కర్లేదు, ఇంగ్లిష్ అక్కర్లేదు. సరైన ప్రశ్న అడిగినవాణ్ని మోసం చేయడం కష్టం.

ఒక హెచ్చరిక. క్యాబినెట్‌తో ఉచితంగా వస్తుందని ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్ తీసుకోకండి. కొన్నిటి డబ్బా మీద రాసిన వాట్లు డబ్బా మీదే ఉంటాయి. అది పోతే ఒంటరిగా పోదు, బోర్డునూ వెంట తీసుకుపోవచ్చు. డబ్బు తగ్గించుకోవాలంటే రంగుల లైట్లలో తగ్గించండి, కరెంటు ఇచ్చే పెట్టెలో వద్దు.

సరే, సరుకు ఇంటికొచ్చింది. కావాల్సింది ఒక స్టార్ స్క్రూడ్రైవర్, మంచి వెలుతురు, తొందర లేని ఒక ఆదివారం. ఉన్ని రగ్గు, తివాచీ మీద కూర్చోవద్దు, వాటి మీద కదిలితే ఒంట్లో స్టాటిక్ పుడుతుంది. మన ఇళ్లలోని నాపరాళ్ల నేల నయం. విడిభాగం ముట్టుకునే ముందు క్యాబినెట్ రంగులేని ఇనుమును ఒకసారి తాకండి. బోర్డును తిన్నగా క్యాబినెట్‌లో బిగించేయకుండా, అది వచ్చిన అట్టపెట్టె మీదే పెట్టి ప్రాసెసర్, ర్యామ్ అమర్చండి. ప్రాసెసర్ మూల మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది, సాకెట్ మీదా ఉంటుంది. రెండూ కలిపి, వేలితో నొక్కకుండా మెల్లగా దించితే తనంతట తాను కూర్చుంటుంది. బలం పెట్టాల్సి వస్తోందంటే దిక్కు తప్పిందని అర్థం. ర్యామ్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాన్ని రెండు కొసలా గట్టిగా నొక్కాలి, టక్కుమని చప్పుడు రావాలి. ఎక్కడ మెత్తగా ఉండాలో ఎక్కడ గట్టిగా ఉండాలో చేతికి తెలిసిరావడం అంటే ఇదే. అది ఏ వీడియో చూసినా రాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. అన్నీ బిగించారు, స్విచ్ నొక్కారు, ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. వెనక నాయిన నిలబడి "గింత పైసలు వోసి ఏం జేసినవ్‌రా?" అంటున్నాడు. గుండె జారిపోతుంది. మనిషి స్వభావం బయటపడేది ఈ పది నిమిషాల్లోనే. కొందరు అన్ని తీగలూ ఒకేసారి పీకేస్తారు. కొందరు అమ్మినవాణ్ని తిడతారు. మీరు కుర్చీ లాక్కుని కూర్చోండి. కొత్త డీడీఆర్5 బోర్డులు మొదటిసారి మెమరీని సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఆ సమయంలో తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు కంగారుపడి స్విచ్ ఆపేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆగి చూసినా రాలేదా? ఇక ఒక్కో అనుమానం తీర్చుకుంటూ రండి. ప్రాసెసర్‌కు విడిగా వెళ్లాల్సిన ఎనిమిది పిన్నుల తీగ పెట్టారా? చాలామంది మరిచేది ఇదే. గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని మానిటర్ తీగను మాత్రం బోర్డుకు తగిలించారా? రెండు ర్యామ్‌లుంటే ఒకటి తీసి చూడండి. చాలా కొత్త బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి అలాగే ఉండిపోతే తప్పు ఆ వైపుంది. నియమం ఒక్కటే: ఒక్కసారికి ఒక్క మార్పు. మూడు మార్చాక బాగైతే దేనివల్ల బాగైందో మీకు తెలియదు, రేపు మళ్లీ ఆగితే మళ్లీ చీకట్లోనే. ఏది మార్చారో, ఏమైందో అదే కాగితం వెనక రాయండి. ఇంట్లో గొడవలకూ, మార్కులు తగ్గిన సబ్జెక్టుకూ, నడవని వ్యాపారానికీ ఈ పద్ధతే పనికొస్తుంది. అన్నీ ఒకేసారి మార్చేసేవాళ్లు ఏదీ నేర్చుకోరు.

మన ఊరికి తగ్గ జాగ్రత్తలు కొన్ని. నాపరాయి కోత, పాలిష్ యూనిట్లున్న చోట దుమ్ముకు కొదవుండదు. ముందు ఫ్యాన్లకు జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకుని, నెలకోసారి ఆ జాలీ కడిగి ఆరబెట్టి పెట్టండి. కంప్యూటర్ ఆపి, బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి గిరగిరా తిరగనివ్వొద్దు. క్యాబినెట్ తాకితే జివ్వుమంటోందా? ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదేమో, కంప్యూటర్‌ను తిట్టడం మాని ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దానికి యూపీఎస్ మోడ్ ఉందో లేదో చూడండి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ ఆగిపోవచ్చు.

అంతా ఒకేసారి కొనాలన్న పట్టుదల కూడా వద్దు. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. కానీ ఆ కంది పండించే ఇంట్లో డబ్బు చేతికందేది పంట అమ్మాకే. ఈ ఏడు లోపల గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్‌తో మొదలెట్టండి. వచ్చే ఏడు కందులు అమ్మాక ర్యామ్ పెంచండి. ఆ తర్వాతి ఏడు నిజంగా అవసరమైతే గ్రాఫిక్స్ కార్డు. అందుకే మొదట్లోనే రెండు ఖాళీ ర్యామ్ స్లాట్లున్న బోర్డు, కాస్త ఎక్కువ వాట్ల ఎస్‌ఎంపీఎస్ తీసుకోవాలి. విండోస్ లైసెన్సు ఖర్చూ లెక్కలో రాయండి. ట్యాలీ అక్కర్లేదంటే ఉబుంటు ఉచితం. 18 శాతం జీఎస్టీ కలిపిన పక్కా బిల్లు అడిగి తీసుకోండి. అసెంబుల్డ్ కంప్యూటర్‌కు మొత్తంగా ఒక వారంటీ ఉండదు, ఏ భాగానిది ఆ భాగానికే. బిల్లు పోతే వారంటీ పోయినట్టే.

డబ్బు ఇంకా సమకూరలేదా? ఆగాల్సిన పనిలేదు. అటక మీదో, మూతపడ్డ నెట్ సెంటర్ మూలనో పాత డెస్క్‌టాప్ ఒకటి పడి ఉంటుంది. అడిగి తెచ్చుకోండి. ప్లగ్గు పీకి, మూత తీసి, ర్యామ్ విప్పి మళ్లీ పెట్టండి, ఫ్యాన్ విప్పి మళ్లీ బిగించండి. దేన్నయినా విప్పండి గానీ ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం తెరవకండి. ప్లగ్గు పీకాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.