మందు బిళ్లలకన్నా ముందు బస్తాల వరస

ప్రశ్న: తెనాలిలో కిరాణా హోల్‌సేల్ గోడౌన్ నడుపుతున్నాం. ఏటా వానాకాలంలో కందిపప్పు, రవ్వ పురుగు పడుతున్నాయి. మందు బిళ్లలు పెడితే సరిపోతుందా?

జవాబు: బిళ్లల సంగతి తర్వాత. ముందు బస్తాలు ఎలా పేర్చారో చూడండి. లోడు రాగానే హమాలీలు తలుపు దగ్గరే దించేస్తారు. పాత సరుకు గోడవారన ఇరుక్కుపోతుంది, అమ్ముడయ్యేదేమో ముందున్న కొత్త బస్తా. పురుగు ముదిరేది ఆ మూలనే. ప్రతి లాటుకూ వచ్చిన తేదీ చీటీ మీద రాసి కట్టండి. సుద్దతో రాస్తే రెండు చేతులు మారేసరికి చెరిగిపోతుంది. కింద చెక్క పలకలు వేసి, గోడకు రెండడుగులు వదిలి పేర్చండి. చెమ్మ ఎక్కదు, మనిషి వెనక్కి వెళ్లి చూడనూగలడు. జూన్ నుంచి రవ్వ, మైదా పదిహేను రోజుల అమ్మకానికి మించి దించుకోకండి, స్కీము ఎంత ఊరించినా సరే.

ఇక బిళ్లలు. అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వచ్చే ఫాస్ఫీన్ గాలి ప్రాణాలు తీస్తుంది. గుమాస్తా చేత పెట్టించకండి, లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లనే పిలవండి. గోడౌన్ పైన ఎవరైనా కాపురముంటే ఆ మాట పెస్ట్ కంట్రోల్ వాళ్లకు ముందే చెప్పాలి. అన్నట్టు, షాపుల నుంచి వాపసొచ్చిన పురుగు బస్తాను మంచి సరుకు పక్కన ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు.