ఆట ఖాతాకు రెండవ తాళం

చేతిఫోనులో ఆడే ఆట పెద్దలకు కాలక్షేపంగా కనిపిస్తుంది. ఆడే పిల్లలకు మాత్రం అందులోని ఖాతా ఒక ఆస్తి. నెలల తరబడి ఆడి సంపాదించిన స్థాయి, జేబుఖర్చు కూడబెట్టి కొన్న వేషాలు, ఆయుధాలు, స్వగ్రామంలో ఉండిపోయిన స్నేహితుల జాబితా అన్నీ అందులోనే ఉంటాయి. ఖాతాను కాజేసినవాడు అమ్ముడయ్యే వస్తువులుంటే ముందు వాటిని అమ్ముకొంటాడు. పిమ్మట ఖాతాదారు పేరుతోనే ఆ స్నేహితులకు సందేశాలు పంపి డబ్బు అడుగుతాడు. ఆటలోకి తండ్రి గూగుల్ ఖాతా ద్వారా ప్రవేశించే ఇంట్లో ఆ గూగుల్ పాస్‌వర్డే దొంగకు చిక్కితే ఉత్తరాలు, ఛాయాచిత్రాలు, చెల్లింపుల వివరాలు కూడా అతని కంట పడతాయి.

ఈ నష్టాన్ని నివారించేందుకు ఏర్పడిన పద్ధతే రెండంచెల ధ్రువీకరణ. పాస్‌వర్డ్ అనేది ఖాతాదారుకు తెలిసిన విషయం. తెలిసినది మరొకరికీ తెలియవచ్చు. ఒకే పాస్‌వర్డును నాలుగు చోట్ల వాడేవారికి ఒకచోట అది బయటపడితే నాలుగు చోట్లా ముప్పే. అందువల్ల రెండవ అంచెలో, ఖాతాదారు చేతిలో ఉన్న వస్తువును, అంటే సాధారణంగా అతని ఫోనును, సాక్షిగా అడుగుతారు. పాస్‌వర్డ్ దొంగిలించినవాడి వద్ద ఆ ఫోను ఉండదు.

కంప్యూటర్ ఆటల విపణి అయిన స్టీమ్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ. దానిని నడిపే వాల్వ్ సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ 2011లో జర్మనీలోని హనోవర్ నగరపు ప్రదర్శనలో తన సొంత ఖాతా పాస్‌వర్డును బహిరంగంగా ప్రకటించారు. స్టీమ్ గార్డ్ అనే రెండవ తాళం ఉండగా పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన ఎవరూ లోపలికి రాలేరని చూపడం ఆయన ఉద్దేశం. ఇతరులు అనుకరించదగిన సాహసం కాదది. నెలకు సుమారు 77,000 ఖాతాలు కొల్లగొట్టబడుతున్నాయని 2015 డిసెంబరులో అదే సంస్థ వెల్లడించింది. బాధితులు అమాయకులైన కొత్తవారు మాత్రమే కారనీ, వృత్తిగా ఆడే నిపుణులు కూడా వారిలో ఉన్నారనీ సంస్థ తెలిపింది. ఆటలోని వస్తువులకు నిజమైన డబ్బు పలుకుతున్నప్పుడు దొంగతనం కూడా ఒక వ్యాపారమవుతుంది.

మన దేశంలో ఎక్కువమంది ఆడేవి ఫోను ఆటలు. బీజీఎంఐ వంటి ఆటలలో గూగుల్, ఫేస్‌బుక్ వంటి మరొక ఖాతా ద్వారా లోపలికి వెళ్ళే ఏర్పాటు ఉన్నది. ఆ దారిన వెళ్ళేవారు ఆటలో తాళం కోసం వెదకడం కంటే, దానికి మూలమైన ఖాతాకు తాళం వేయాలి. గూగుల్ ఖాతాలో భద్రతకు సంబంధించిన విభాగం తెరిస్తే ఈ సదుపాయం కనిపిస్తుంది. పని కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. రెండవ అంచెకు ఏ సాధనాన్ని ఎంచుకోవాలన్నదే ఆలోచించవలసిన విషయం, ముఖ్యంగా ఊరు మారిన కుటుంబాలకు.

చాలామంది ఎంచుకొనేది ఫోను నంబరుకు వచ్చే సందేశం. కర్నూలు నుంచి బెంగళూరుకు, ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి వచ్చినవారు కొత్త సిమ్ తీసుకొని పాత నంబరుకు రీఛార్జ్ మానేస్తారు. రద్దయిన నంబరును 90 రోజులు గడచిన తరువాత మరొకరికి కేటాయించవచ్చు. అప్పటినుంచి ఖాతా తాళపుచెవి ముక్కూ మొగమూ తెలియని వ్యక్తి జేబులోకి పోతుంది, అసలు యజమాని తలుపు బయట నిలబడతాడు. 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా పాత నంబరునే ఉంచుకొనే వీలున్నది. కొత్త నంబరే కావాలనుకొన్నవారు పాతది పనిచేస్తుండగానే ఖాతాలన్నిటిలో నంబరు మార్చుకోవాలి.

ఇంకొక అలవాటు దీనికంటే ప్రమాదకరం. ఖాతా తెరిచిన నాడు ఊళ్ళోని తాతగారి నంబరు ఇచ్చి ఉంటారు. మనవడు ఫోన్ చేసి, "తాతయ్యా, ఇప్పుడొచ్చిన ఆరంకెలు చదవవా" అంటాడు. ఆయన చదువుతారు. ఫోనులో ఎవరైనా అడిగితే అంకెలు చదవడం ఆ పెద్దాయనకు మామూలైపోతుంది. రేపు బ్యాంకు పేరు చెప్పి మోసగాడు అడిగినా అదే విధంగా చదివే అవకాశమున్నది. ఆట కోసం నేర్పిన అలవాటు పింఛను డబ్బుకు ఎసరు పెట్టవచ్చు.

నంబరుతో పనిలేని సాధనం ఆథెంటికేటర్ యాప్. మొదటిసారి క్యూఆర్ గుర్తును చదివించినప్పుడు ఒక రహస్య సంఖ్య ఖాతా నడిపే సంస్థ వద్దా, ఫోనులోనూ నిలిచిపోతుంది. ఆ సంఖ్యనూ అప్పటి సమయాన్నీ కలిపి రెండు వైపులా ఒకే లెక్క వేస్తారు, ఫలితంగా సాధారణంగా 30 సెకన్లకొకసారి మారే ఆరంకెల కోడ్ పుడుతుంది. సిమ్ లేకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది. ఫోను గడియారం మాత్రం సరిగా ఉండాలి. ఫోనే పోతే ఏమిటన్న ప్రశ్నకు సమాధానం బ్యాకప్ కోడ్లు. గూగుల్ ఒక్క విడతకు 10 కోడ్లు ఇస్తుంది, ఒక్కొక్కటి ఒక్కసారే చెల్లుతుంది. వాటిని కాగితంపై వ్రాసి రేషన్ కార్డు ఉంచే చోటనే భద్రపరచడం మేలు. అదే ఫోనులో ఫోటో తీసి ఉంచితే ఫోనుతోపాటు అవీ పోతాయి.

రెండవ తాళం కూడా అన్ని మోసాలను ఆపలేదు. ఉచితంగా వజ్రాలు, యూసీ ఇస్తామనే నకిలీ పుటలు పాస్‌వర్డుతోపాటు కోడ్‌ను కూడా అడుగుతాయి. పిల్లవాడు ఇచ్చిన కోడ్‌ను గడువు తీరకముందే దొంగ అసలు పుటలో వాడేస్తాడు. ర్యాంకు పెంచిపెడతానని ఖాతా అడిగి తీసుకొనేవాడిదీ ఇదే దారి. ఫోను తెరపై "లోపలికి వస్తున్నది మీరేనా" అన్న ప్రశ్న తాము ప్రయత్నించని వేళ కనిపిస్తే కాదని నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి. పాస్‌కీ అనే కొత్త పద్ధతి నకిలీ పుటలో పనిచేయదు గనుక, అది లభించే చోట దానినే ఎంచుకోవచ్చు.

ఖాతా పోయిందని తెలిసిన వెంటనే ఆట సంస్థకు వ్రాయాలి. కొనుగోళ్ళ రసీదులు యాజమాన్యానికి సాక్ష్యంగా అక్కరకు వస్తాయి. డబ్బు కూడా పోయినట్లయితే ఏ రాష్ట్రంలో ఉన్నా 1930 నంబరుకు ఆలస్యం లేకుండా ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడుకోవడం 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షన్ కింద నేరం. శిక్ష 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఖాతా తిరిగి చేతికి వచ్చాక అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, కొత్త బ్యాకప్ కోడ్లు తీసుకొని పాత కాగితాన్ని చించివేయాలి.