మందు పనిచేసిందా? లెక్క ఏం చెబుతుంది?

మన కుటుంబాలలో నర్సింగు, ఫార్మసీ, డిగ్రీ చదువుతున్న పిల్లలను సాంఖ్యక శాస్త్రం పరీక్షలో ఎక్కువగా తికమకపెట్టే పాఠాలు రెండు: పరికల్పన పరీక్ష, విశ్వాస అంతరం. సూత్రాలు బట్టీ పట్టే ముందు వీటిని ఒక నిజమైన ఉదాహరణతో చూద్దాం.

1948లో బ్రిటన్‌లో ఒక క్షయ అధ్యయనం ప్రచురితమైంది. 107 మంది రోగులను ఎవరి ఇష్టాయిష్టాలకూ తావులేకుండా, చీటీలు తీసినట్లుగా రెండు గుంపులుగా విభజించారు. 55 మందికి విశ్రాంతితోపాటు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చారు. 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలలలో మొదటి గుంపులో నలుగురు, రెండవ గుంపులో 14 మంది మరణించారు. అంటే సుమారు 7 శాతం, 27 శాతం. తేడా 20 శాతం. ఇది మందు వల్ల వచ్చిందా, కాకతాళీయమా?

మొదటి మెట్టు: "మందు వల్ల తేడా లేదు" అని ముందుగా అనుకోవాలి. ఇదే శూన్య పరికల్పన. అది నిజమైతే, ఇంత తేడాగానీ ఇంతకుమించిన తేడాగానీ కాకతాళీయంగా వచ్చే అవకాశం 100లో 1 కంటే తక్కువని లెక్క తేలుతుంది. సాధారణంగా పెట్టుకునే హద్దు 100లో 5. కనుక శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం.

రెండవ మెట్టు: మేలు ఎంత? ఇక్కడ ప్రమాణ దోషం సుమారు 7 శాతం. దానిని 1.96తో గుణిస్తే దాదాపు 14. దీనిని 20లోనుండి తీసివేసి, 20కి కలిపితే 95 శాతం విశ్వాస అంతరం వస్తుంది: 6 నుండి 34 శాతం వరకు. ఇందులో సున్నా లేదు కనుక రెండు మెట్లూ ఒకే మాట చెబుతున్నాయి. అంతరం వెడల్పుగా ఉన్నదంటే రోగుల సంఖ్య తక్కువని అర్థం.

పరీక్షలో రెండు విషయాలు గుర్తుంచుకోండి.

1. శూన్య పరికల్పనను తిరస్కరించలేకపోతే "మందు పనిచేయదని రుజువైంది" అని రాయకూడదు. "ఆధారం చాలలేదు" అని రాయాలి.

2. 95 శాతం అంటే బాగుపడిన రోగుల శాతం కాదు. ఇదే పద్ధతిలో అధ్యయనాన్ని 100 సార్లు చేస్తే, సుమారు 95 అంతరాలలో అసలు విలువ ఉంటుందని అర్థం.

లెక్క తాను అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఇక్కడి ప్రశ్న ఆరు నెలల గురించే. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే వాడిన చాలామందిలో క్రిములు ఆ మందుకు లొంగకుండా పోయాయి. అందుకే నేడు టీబీకి కొన్ని మందులు కలిపి ఇస్తారు. కాస్త నెమ్మదించగానే వాటిని మానవద్దు. డాక్టరుగారు చెప్పినన్నాళ్ళూ పూర్తిగా వాడండి.